ఆటకి ఒకరు తక్కువ

ఈ మధ్యాహ్నం మానసిక ఆసుపత్రిలో ఉన్న మా బావమరిది కూతురు పల్లవిని చూడటానికి వెళ్ళాను. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. లోపల ముగ్గురు అమ్మాయిలు క్యారమ్ ఆడుతున్నారు.

పల్లవి నన్ను చూసి నవ్వింది. "ఏం మామా, సినిమాల్లో మాదిరి జుట్టు ఇరబోసుకోని అరుస్తా ఉంటామనుకుంటివా? రా, ఆటకి ఒకరు తక్కువుండారు."

అలాగే అనుకున్నాను. పెళ్ళయిన రెండో ఏడు నా భార్యను కూడా ఇక్కడే చేర్చాం. ఇరవై రోజులు రోజూ క్యారియర్ తెచ్చి, గేటు దగ్గర ఆయాకిచ్చి వెళ్ళిపోయాను. సినిమాలో చూసిన అమ్మాయిలా తను కనబడుతుందని భయపడ్డాను. లోపలికి ఎందుకు రాలేదని తను ఎప్పుడూ అడగలేదు. తను పోయి రెండేళ్ళయింది.

ఈ రోజు రెండాటలు ఆడి, రెండూ ఓడిపోయాను.

మీలో ఎవరైనా గేటు దగ్గరే క్యారియర్ ఇచ్చి వచ్చేస్తుంటే, రేపు లోపలికి వెళ్ళండి. ఆటకి ఒకరు తక్కువగా ఉండొచ్చు.