సమాప్తం అని రాసిన చెయ్యి

ఊర్లాం స్టేషను అల్లంత దూరంలో కనబడుతూండగా మా ప్యాసింజరు పొలాల మధ్య ఆగిపోయింది. ముందు లైను ఖాళీ లేదట. బండి ఆగితే విసుక్కునే జాతి కాదు నాది. నేను చదివిన పుస్తకాల్లో సగం ఇలా ఆగిన బళ్ళలో చదివినవే. ఇంట్లో కూర్చుని చదివినది ఒక్కటీ గుర్తులేదు. అసలు ఇంట్లో కూర్చున్నట్టే గుర్తులేదు.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి వేసవి అది. పలాసలో ఎక్కాను, విజయనగరం పోతున్నాను. అక్కడ నాకు పనేమీ లేదు. చేతిలో బరంపురం ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవల. మొగుడికి తెలియకుండా ఇంకొకడితో ప్రేమలో పడ్డ ఒకావిడ కథ.

"మాస్టారూ, అందులో ఆవిడ మొగుడికి సెప్పేస్తాదా?"

తలెత్తాను. కోటబొమ్మాళిలో ఎక్కి నా ఎదుట కూర్చున్నావిడ. అరవైకి కాస్త ఇవతల ఉంటాయి. రెండు ముక్కుపుడకలు, పొందూరు పంచెలా తెల్లబడ్డ జుట్టు, ఒళ్ళో బట్టల షాపు సంచి. ఆ సంచిని ఎక్కిన దగ్గర్నించీ కింద పెట్టలేదు, పైన పెట్టలేదు.

"అట్ట వెనకాల రాసింది ఇందాకట్నించి సదూతన్నాను," అంది, కాస్త సిగ్గుపడి.

"ఇంకా అంతదాకా రాలేదమ్మా."

"అయితే ముందు ఆకరి పేజీలున్నాయో లేదో సూసుకోండి."

తిప్పి చూశాను. ఉన్నాయి. నాకు మాట దొరికితే నోరు ఆగదు కదా, ఒకప్పుడు తోక తెగిన నవల ఒకటి చదివి, దానికి ముగింపు నేనే అల్లుకుని, ఇరవై ఏళ్ళు దాంతోనే కాపురం చేసిన సంగతి చెప్పాను. అసలు ముగింపు దొరికాక అదే నాకు నచ్చలేదు. ఇలాంటిది చెబితే ఎవరైనా నవ్వుతారు. ఆవిడ నవ్వలేదు.

"మీరు అల్లుకున్నది ఎవరికైనా ఇదే ఆకరని సెప్పేరా?"

"లేదు."

"అయితే మీకు పాపం లేదు."

అలా మొదలైంది. ఆవిడ పేరు కన్యాకుమారి. పుట్టిల్లు పాతపట్నం. పదో తరగతి పాసవగానే కోటబొమ్మాళి కిరాణా షాపు నగరేశ్వరరావుకిచ్చి చేశారు. షాపులో పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు కట్టలుకట్టలుగా వచ్చేవి. వాటిలో వారపత్రికలుండేవి. ఆ ఇంట్లో కొత్తకోడలికి దొరికిన సుఖం అదొక్కటే. భర్త చేతిలో పడకముందే సీరియల్ పేజీలు కత్తిరించి దాచేది. కథ పూర్తయ్యాక వారాల వరసన పేర్చి, దబ్బనంతో చిల్లులు పొడిచి, పురికొసతో కుట్టేది. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, సబ్బు అట్టపెట్టెలు కోసి అట్టలు అంటించేది.

ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఇలా సీరియళ్ళు బైండు చేయించుకునే ఆడవాళ్ళు ఉండేవారు. నేను ఏ ఊళ్ళో ఎవరింట భోంచేసినా ఆ బైండు పుస్తకాలే నాకు పక్కవాద్యం. కానీ సొంతంగా కుట్టిన మనిషిని చూడడం అదే మొదలు.

"ముప్పైరెండు కుట్టేను మాస్టారూ. వీధి వీధంతా నా దగ్గరే పట్టుకెళ్ళేవారు. 'కుమారి బైండులో ఒక్క వారం లోటుండదు' అనీవోరు. ఆ మాటకి నాకు కడుపు నిండిపోయీది."

అప్పుడు వచ్చిందా సీరియల్. పెళ్ళయినావిడ, పరాయివాడు, నలభైమూడు వారాలు. నలభైఒకటో వారంలో ఆవిడ భర్తకి అన్నం పెడుతూ అంతా చెప్పేస్తుంది. ఆయన ఏమీ అనడు. "మంచినీళ్ళియ్యి" అంటాడు, అంతే. చివరి రెండు వారాలూ ఒకే కట్టలో వస్తే, కన్యాకుమారి చదివింది కానీ కత్తిరించలేదు. పుట్టింట్లో పెళ్ళికని ఆ రోజే బయల్దేరి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నగరేశ్వరరావు ఆ రెండు సంచికలతోనూ పసుపు, జీలకర్ర కట్టి ఊరంతా పంచేశాడు.

"నాలుగిళ్ళు తిరిగేను. ఒకరింట్లో నూనె మరకతో సగం కాగితం దొరికింది. మా ఆయన ఒకటే నవ్వు. 'కత ఏటైపోనాదో జీలకర్రకి తెలుసు, దాన్నడుగు' అని."

లోటు పుస్తకం ఇవ్వడానికి ఆవిడకి మనసొప్పలేదు. నలభైఒకటో వారం చివర "వచ్చేవారం" అని ఉన్న చోట తెల్లకాగితం ముక్క అంటించి, దాని మీద నల్లసిరాతో, అచ్చక్షరాల్లా దిద్ది, "సమాప్తం" అని రాసింది.

ఆ పుస్తకం కోసం వీధిలో పోట్లాటలు. షాపు అరుగు మీద తీర్పులు. "అలాటి మొగుడు దేవుడే" అని ఒకావిడంటే, "దేవుడు కాదే, దద్దమ్మ" అని సుభద్రమ్మ అనే పెద్దావిడ. పక్కవాటాలో ఉండే హైమ మాత్రం ఏమీ అనలేదు. రైసుమిల్లు గుమస్తా జగన్నాధం భార్య ఆమె. చదివి ఇచ్చేసి, వారం తిరక్కుండా మళ్ళీ పట్టుకెళ్ళింది.

"రెండోసారి పట్టుకెళ్తూ గుమ్మంలో ఆగింది. 'కుమారీ, ఇంతేనా? ఇంకేటీ లేదా?' అంది. 'ఇంతే' అన్నాను."

"మిగతాది మీకు తెలుసు కదా?"

"తెలుసు. నలభైరెండో వారం ఆ మొగుడు నోరిప్పుతాడు. నలభైమూడో వారానికి ఆవిడ వీధిలో ఉంటాది."

"మరెందుకలా అన్నారు?"

"పేరు మాస్టారూ. కుమారి బైండులో లోటుందని పేరు పడుతుందని. ఇంకేటీ లేదు, అంతే."

హైమకి టూరింగు టాకీసులో మిషను ఆడించే అతనితో కొన్నాళ్ళు సంబంధం నడిచిందట. అప్పటికే అది అయిపోయింది. అతను వేరే ఊరు పోయాడు. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుని ఉంటే గడిచిపోయేది. హైమ మూసుకోలేదు. జగన్నాధం అన్నం తింటూండగా చెప్పింది, సీరియల్లో లాగే. ఆయనా ఏమీ అనకుండా తిన్నాడు, సీరియల్లో లాగే. తెల్లవారగానే ఫస్టు బస్సెక్కించి పుట్టింటికి పంపేశాడు. మూడేళ్ళ పిల్లని ఒళ్ళోంచి లాక్కున్నాడు. పుస్తకం తెచ్చి షాపు అరుగు మీద విసిరికొట్టాడు.

కన్యాకుమారి ఆ తరవాత ఏమీ కుట్టలేదు. ముప్పైఒక్క పుస్తకాలూ తన చేత్తోనే చింపి పొట్లాలకి వేసింది. ఒకటి మాత్రం చింపలేకపోయింది. సంచిలో ఉన్నది అదే.

"ఇరవయ్యేడేళ్ళయ్యింది. మొన్న రథసప్తమికి మా కోడలు అనూరాధ అరసవల్లి ఎల్లింది. ఒక లాడ్జిలో దిగితే, వంట చేసే ఆవిడ ఏ ఊరని అడిగిందట. కోటబొమ్మాళి, ఫలానా వాళ్ళ కోడల్ని అనేసరికి గరిటె పక్కన పెట్టీసి వచ్చి కూర్చుందట. హైమే. 'మీ అత్త ఇంకా పుస్తకాలు కుడతన్నాదా?' అనడిగిందట. నవ్వుకుంటూ అడిగిందట మాస్టారూ! తిట్టినా బాగుండును."

అందుకని బయల్దేరింది. చెబుదామనే. కానీ ఇంతకు ముందు రెండుసార్లు ఇదే బండెక్కి, అరసవల్లికి దగ్గరి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, ఎదురు బండికి వెనక్కి పోయిందట.

నేను పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాను. "ఇన్నేళ్ళ తరవాత ఎందుకమ్మా? ఆవిడ మనసులో మీమీద మంచే ఉంది. ఉండనివ్వండి. పలకరించి రండి, చాలు."

ఆవిడ సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "హైమకి నేను సెప్పిందీ అలాటిదే. వినీవాళ్ళకి నచ్చీది."

ఎంతమందికి ఎన్ని ఊళ్ళలో ఇలాంటి తీపి ముగింపులు పంచిపెట్టి, అవి పనిచేశాయో లేదో చూడకుండా తెల్లవారే బస్సెక్కానో లెక్కలేదు. బండి కదిలింది. ఊర్లాం వచ్చింది, పోయింది.

"మీ పుస్తకంలో ఆకర్ని ఏటయ్యిందో సూడండి," అంది. "ఉన్నది ఉన్నట్టు సెప్పాల."

చివరి పేజీలు చదివాను. ఆవిడకి నచ్చేలా మార్చి చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆపుకున్నాను.

"చెప్పలేదమ్మా. ముసలిదయ్యేదాకా మొగుడికి చెప్పలేదు. ఆయన సుఖంగానే పోయాడు. ఆవిడే, ఎవరు తలుపు కొట్టినా ఉలిక్కిపడుతూ ఉండిపోయింది."

కన్యాకుమారి సంచిలోంచి పుస్తకం తీసింది. సబ్బు అట్ట మీద సబ్బు బొమ్మ ఇంకా కనిపిస్తోంది. ఆఖరి పేజీ తిప్పింది. అచ్చుకి తీసిపోని అక్షరాలు.

"పెన్నుందా?"

ఇచ్చాను. ఆ మాట మీద గీత పెట్టబోయి ఆగింది.

"కొట్టీస్తే ఎవరు రాసేరో హైమకెలా తెలుస్తాది? అక్కడికెళ్ళేక నా నోరు పెగలకపోతే?" అంది, తనతో తనే అన్నట్టు.

బండి కుదుపులకి చెయ్యి ఆనించుకుని, "సమాప్తం" కింద మెల్లగా రాసింది. తలకిందులుగానే చదవగలిగాను: *ఇది రాసింది నేను. ఇంకా రెండు వారాలున్నాయి. నాకు అప్పుడే తెలుసు. కన్యాకుమారి.* ఈసారి అక్షరాలు అచ్చులా లేవు. మామూలు కిరాణా చీటీలా ఉన్నాయి.

సిరా ఆరడానికి పేజీ మీద ఊదుతూ ఉండగానే శ్రీకాకుళం రోడ్డు వచ్చింది. లేచింది. పుస్తకం సంచిలో పెట్టలేదు, ఆ పేజీ మధ్య వేలు పెట్టి అలాగే పట్టుకుంది. నా పెన్ను ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా," అన్నాను. పెన్ను కోసం కాదు. ఏదో ఒకటి అనాలని.

వినలేదు. ప్లాట్‌ఫాం మీద, వెనక్కి పోయే బండి కోసం జనం కూర్చున్న బెంచీలున్నాయి. వాటి దగ్గర ఆవిడ నడక ఒక్కసారి తడబడింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గేటు అవతల ఆటోవాళ్ళు "అరసవల్లి, అరసవల్లి" అని అరుస్తున్న వైపు నడిచి, జనంలో కలిసిపోయింది.