ఎద్దు కంటి కింద గీత

మొన్న సాయంత్రం మా అల్లుడు శామ్యూల్ బాపట్లలో మా ఇంటి వాకిట్లోనే తన కారు హెడ్‌లైట్లు విప్పి, ఎక్కువ వెలుగిచ్చే బల్బులు బిగించాడు. స్విచ్ వేయగానే ఎదుటి ప్రహరీగోడ మీద లేచిన సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టేంత వెలుగు పడింది. వేడెక్కిన గాజు మీద దుమ్ము మాడిన వాసన వరండా దాకా వచ్చింది. ఆ వాసన తగలగానే నేను చప్పున నా గోళ్లు చూసుకున్నాను. డెబ్బై అయిదేళ్ల ముసలిదాన్ని, బల్బు జోలికే పోనిదాన్ని, అయినా చూసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే డాక్టర్ మనోరమగారి గురించి చెప్పాలి.

డెబ్బైల మొదట్లో రేపల్లెలో ఆమెకు నాలుగు మంచాల చిన్న ఆస్పత్రి ఉండేది. నర్సు చదువు ముగించి నేను మొదట చేరింది అక్కడే. మా నాన్న లూథరన్ బడిలో మాస్టారు కాబట్టి క్రమశిక్షణ నాకు కొత్త కాదనుకునేదాన్ని. ఆ పొగరు మొదటి రోజే దిగింది. పొద్దున్నే డాక్టరమ్మగారు మా నర్సుల చేతులు చాపించి గోళ్లు చూసేవారు. మట్టి కనబడితే తిట్టేవారు కాదు, సబ్బు చూపించేవారు. తిట్టినా బాగుండేది. పాత నల్ల కారు ఒకటి ఉండేది ఆమెకు, తనే నడిపేవారు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో అదొక వింత. కారు కనబడితే జనం అరుగుల మీద నుంచి లేచి మరీ చూసేవాళ్లు.

ఆ కారు దీపాలు గుడ్డివి. ఒకసారి పొద్దుగూకాక పురుడు పోయడానికి వెళ్తూ, కాలవ కట్ట మీద మలుపు కనబడక చాలా దూరం ముందుకు పోయాం. వెనక్కి తిరిగి చేరేసరికి బిడ్డ నీలంగా ఉంది. డాక్టరమ్మగారు నోటితో ఊపిరి ఊది ఊది ఏడిపించారు. వచ్చేటప్పుడు అన్నారు: "దీపాలు మార్చాలమ్మా రూతూ. దారి కనపడక ఓ బిడ్డ పోతే నేనేం చదువుకున్నట్టు?"

ఆ వారమే తెనాలి వెళ్లి మందులతో పాటు పెద్ద బల్బులు తెచ్చారు. మెకానిక్కు కబురు పెడితే ఎప్పుడొస్తాడో తెలియదు. ఆదివారం ప్రార్థన ముగించుకుని గుడి నుంచి రాగానే తనే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంటి ముందు కూర్చున్నారు. ఒకటి బిగించేసరికి రోగి వస్తే, రెండోది నన్ను బిగించమని లోపలికి వెళ్లారు. బిగించాను. అక్కడితో ఊరుకుంటే నేను రూతును ఎందుకవుతాను! దీపాల గాజుకు పైసగం నల్లరంగు పూసి ఉంది. యుద్ధం రోజుల్లో విమానాలకు కనబడకుండా పూశారు కాబోలు, యుద్ధం అయిపోయాక ఈ మసి ఇంకెందుకు అనుకున్నాను. బ్లేడుతో గీకి, కిరసనాయిలుతో తుడిచి, అద్దంలా చేశాను. డాక్టరమ్మగారు చూసి మెచ్చుకుంటారని చెప్పకుండా ఊరుకున్నాను.

ఆమె చూసుకునే వ్యవధి లేకుండా ఆ సాయంత్రమే మళ్లీ పురిటి కబురొచ్చింది. చీకటి పడుతుండగా బయల్దేరాం. కట్ట మీద దారి పట్టపగల్లా కనబడుతుంటే నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇంతలో ఎదురుగా గడ్డిబండి వచ్చింది. డాక్టరమ్మగారు కాలి దగ్గరున్న డిమ్ స్విచ్ నొక్కారు. నొక్కినా వెలుగు ఎద్దుల కళ్లలోనే కొట్టింది. అవి బెదిరి కట్ట దిగి కాలవలోకి పరుగెత్తాయి. బండి ఒరిగి, తోలుతున్న కోటయ్య కింద పడ్డాడు. మణికట్టు విరిగింది. జనం మూగారు. ఆడమనిషి బండి నడిపితే ఇంతేగా అన్నాడొకడు. తప్పెవరిదో నాకు తెలుసు, అయినా జనం వెనక్కి జరిగి నిలబడ్డాను.

కోటయ్య లేచి కూర్చుని, "గొడ్లు బెదిరినయ్యండి డాక్టరమ్మగారూ, తప్పు వాటిదేనండి," అన్నాడు.

"గొడ్లది కాదు. దీపం నాది, తప్పూ నాదే," అన్నారామె, అందరికీ వినబడేట్టు.

అతని చేతికి కర్రముక్కలు పెట్టి కట్టు కట్టారు. నా దగ్గరున్న తువ్వాళ్లు దీపాల పైసగానికి కట్టమన్నారు. వేడెక్కిన గాజు మీద దుమ్ము మాడిన వాసన పీలుస్తూ కట్టాను. గాజు వంక ఓసారి చూసి, కారు తలుపు తీశారు. ఎద్దుల్ని పట్టి ఇంటికి తోలమని జనానికి చెప్పి, కోటయ్యను వెనక సీట్లో ఎక్కించుకుని పురిటింటికి మెల్లగా వెళ్లాం. వేళకే అందాం. ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు కోటయ్యను ఎద్దులతో సహా ఇంటికి పిలిపించారు. వాటిని గోడ పక్కన నిలబెట్టి, కంటి ఎత్తు కొలిచి, దానికి జానెడు కిందుగా సుద్దముక్కతో గీత గీశారు. సందెవేళ దీపాలు వేసి, వెలుగు ఆ గీత దాటకుండా స్క్రూలు తిప్పారు. పైసగానికి మళ్లీ నల్లరంగు పూయించారు. చివరికి ఎద్దుల్ని ఎదురుగా నడిపిస్తే నింపాదిగా వచ్చాయి. డాక్టరమ్మగారి కారుకు లైసెన్సు ఇచ్చింది తన ఎద్దులేనని కోటయ్య బతికినంతకాలం చెప్పుకున్నాడు. ఆ పూట అందరూ నవ్వారు. నాకు మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోవడమే సరిపోయింది. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకుండా ఉందామంటే ఊరంతా ఆమెను అంటున్న మాటలు నా చెవిన పడుతున్నాయి.

మూడో రోజు పొద్దున గోళ్లు చూపించడానికి చేతులు చాపినప్పుడు ఇక ఉండబట్టలేదు. "రంగు గీకింది నేనేనండి," అన్నాను.

"తెలుసు. ఆ రోజు పురిటింట్లో సబ్బు అందిస్తుంటే నీ గోళ్లలో నల్లరంగు చూశాను."

"మరి అంతమందిలో నా పేరెందుకు చెప్పలేదండి?"

"బయల్దేరేముందు దీపాలు చూసుకోవాల్సింది నేను. నీ సంగతి నువ్వే చెప్తావని చూస్తున్నా. ఇవాళ చెప్పకపోతే రేపు ఇంటికి పంపేదాన్ని," అని, పక్క పిల్ల గోళ్లు చూడటానికి కదిలారు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను, కడుపు నిండినట్టు కూడా ఉంది.

మొన్న నేను మనవరాలి సంచిలోంచి సుద్దముక్క తీసి గోడ మీద గీత గీశాను. మరీ ఇంత కిందికా అత్తయ్యగారూ, ఇప్పుడు ఎద్దులెక్కడున్నాయి అని అల్లుడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు, స్క్రూ మాత్రం తిప్పాడు. రేపల్లె రోజుల తర్వాత నేను పెద్ద నర్సునై, ముప్పై ఏళ్లు పొద్దున్నే నర్సు పిల్లల గోళ్లు చూశాను. ఎవరైనా తప్పు చేసి దాచారని తెలిస్తే అడిగేదాన్ని కాదు, మూడు రోజులు ఆగేదాన్ని. చాలామంది మర్నాటికే చెప్పేసేవాళ్లు. మూడో రోజు దాకా లాగినదాన్ని నేనొక్కదాన్నే.