మోతీ తిన్నదని చెప్పాను

పదేళ్లు దాటింది ఈ సంగతి నా గొంతులో అడ్డం పడి. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. చనిపోయింది ఒక పిల్లి. ఇంతేనా అనుకుంటారేమో. నేనూ చాలాసార్లు ఇంతేనా అనుకుందామని చూశాను. కుదరలేదు.

అప్పట్లో నేను జనగామలో బడిపంతులుని. ఒంటరివాణ్ణి. ఖైరున్ ఆపా ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఆపా దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది. భర్త లేడు, కూతురు భూపాలపల్లిలో కాపురం. ఇంట్లో ఉన్నది ఆపా, మోతీ అనే తెల్లటి ముసలి పిల్లి. ఆ మోతీకి షుగర్. హన్మకొండలో పశువుల డాక్టరు చూసి రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ రాశాడు. వాడకట్టంతా నవ్వింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? “పొద్దుగాల వాకింగ్‌కు పంపు ఆపా” అని నేనూ ఒక రాయి వేశాను. ఆపా ఎవరినీ పట్టించుకోలేదు. సీసాను ఊపకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించేది. ఎర్రమూత సిరంజిలో రెండు గీతల దాకా మందు లాగేది. మోతీ వీపు మీద చర్మం పైకెత్తి, అది మూతి కడుక్కునేలోపు సూది ఇచ్చేసేది. చూసి చూసి నాకూ వచ్చేసింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు. నేను రోజంతా దీక్షా శిబిరంలోనే ఉండేవాణ్ణి. మహబూబాబాద్‌లో ఆపా చెల్లెలికి ఆపరేషన్ అయిందని కబురొచ్చింది. ఒక్క రాత్రి ఉండి వస్తానని మోతీని నాకు అప్పగించింది.

“సారూ, ముందు గిన్నె, తర్వాత సూది. తినకుంటే సూది ఇయ్యకు, నాకు ఫోన్ చెయ్యి. ఒక్క పూట సూది తప్పితే ఏం గాదు. తినకుండ ఇస్తే పానం పోతది. తూలినట్టు కనబడితే చక్కెర నీళ్లు చిగుళ్లకు రాయి.”

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? పిల్లలకు పాఠం చెప్పి బతికేవాణ్ణి. నాకు అర్థం కాలేదని ఎలా అనగలను?

మర్నాడు ఏడింటికి ఉడికించిన చికెన్ గిన్నెలో పెట్టాను. మోతీ వాసన చూసి మొహం తిప్పుకుంది. బతిమాలాను, విసుక్కున్నాను. ఆపా కోసం అలిగిందేమో. ఎనిమిదింటికి శిబిరం దగ్గర వంటా వార్పు ఉంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అందరం కలిసి తినే నిరసన అది. ఆ రోజు మైకులో మాట్లాడేది నేను. ప్రసంగం రాసుకున్న కాగితం జేబులో ఉంది. ఆకలైతే అదే తింటుందిలే అనుకుని రెండు గీతలూ ఇచ్చేసి వెళ్లిపోయాను. ఫోన్ చేయలేదు. చేస్తే ఆగమంటుందని తెలుసు.

మైకులో బాగా మాట్లాడాను. మనకు అబద్ధాలు చెప్పి మోసం చేశారన్నప్పుడు చప్పట్లు మోగాయి.

ఎక్కిన రైలు ఘన్‌పూర్ స్టేషన్ దగ్గరే నిలిచిపోవడంతో ఆపా ఎవరిదో ట్రాలీ ఆటోలో వచ్చింది. శిబిరం దగ్గర దిగింది. పదకొండు కావస్తోంది. జనం మధ్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“మోతీ తిన్నదా సారూ?”

“తిన్నది ఆపా. గిన్నె నాకి పెట్టింది.”

“జర నిమ్మలమైంది. తొవ్వ పొడుగూత నాకదే పరేషాన్.”

“కూసో ఆపా, నువ్వు గూడ ఇంత తినిపో.”

ఎందుకలా అన్నాను? ఆమె నన్ను తిట్టే మనిషి కాదు. చుట్టూ నలుగురూ ‘మంచిగ మాట్లాడినవ్ సార్’ అంటున్నారు. ఆ మెప్పు మధ్య నిలబడి నా తప్పు ఒకటి ఒప్పుకోవడం నాకు చేత కాలేదు. తిన్నది అని ఊరుకున్నా ఒక రకం. గిన్నె నాకిందని కూడా చెప్పాను. ఆపైన కూర్చోబెట్టి తినిపించాను. ఆమె నవ్వుతూ తింది. రెండోసారి చారు కూడా పోయించుకుంది.

ఇద్దరం ఇంటికి వెళ్లేసరికి మోతీ మంచం కింద పక్కకు పడి ఉంది. కాళ్లు కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురుగు. ఆపా దాని పక్కన కూలబడింది. నేను ముందు చూసింది మోతీని కాదు, గిన్నెను. చికెన్ ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉన్నాయి. ఆపా వీపు నా వైపు ఉంది. గిన్నె తీసి పెరటి గోడ అవతలికి దులిపేశాను.

“తిన్నదన్నవ్ గద సారూ? రెండు గీతలే గద ఇచ్చినవ్?”

“రెండే ఆపా. తిన్నది.”

“మరి షుగర్ పడిపోయినట్టు గాదు. ఇంకేందో అయింది.”

నా గదిలో చక్కెర డబ్బా ఉంది. ఒక్క గోడ అవతల. తినలేదు ఆపా, అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఆటో తెస్తానని బయటికి పరుగెత్తాను. బండ్లన్నీ ఆపింది మేమే. తిరిగొచ్చేసరికి ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని చెవుల వెనక నిమురుతూ ఉంది. కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.

కరెంటు కోతలకు ఫ్రిజ్ పనిచేయక ఆపా ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో దాచేది. మందు పాడై పనిచేయక షుగర్ పెరిగిపోయిందని, నేరం తనదేనని తేల్చుకుంది. “నేనే ఖరాబ్ చేసిన సారూ” అని ఏడ్చింది. నేను ఓదార్చాను. అవును, ఓదార్చాను. నీ తప్పు కాదులే ఆపా అన్నాను, ఎవరి తప్పో చెప్పకుండా. ఆమె మళ్లీ పిల్లిని పెంచలేదు.

రాష్ట్రం వచ్చింది. నాకు బదిలీ అయింది. ఆపా కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. చెప్పేద్దామని ఒకసారి భూపాలపల్లి వెళ్లాను. దారిలో మాటలు కూర్చుకున్నాను. నన్ను చూడగానే ఆపా మనవరాలిని పిలిచింది. “గీ సారే, మన మోతీకి ఆఖరు బువ్వ పెట్టింది” అంది. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. చాయ్ తాగి వచ్చేశాను.

మొన్న ఆపా పోయింది. క్షమించమని అడగడానికి ఇక మనిషి లేదు. ఉన్నప్పుడే అడగనివాణ్ణి. ఇప్పటికీ ఆ ఇంట్లో నేను మంచివాణ్ణే. కాదని ఇన్నాళ్లూ తెలిసింది నాకొక్కడికే. ఇప్పుడు మీకూ తెలుసు. ఆపా మనవరాలు రేపు ఎవరితోనైనా నా మంచితనం గురించి చెబితే, అది నిజం కాదని తెలిసినవారు నేను కాక ఇంకొకరున్నారు. అదొక్కటే నాకు కాస్త ఊపిరి.