మగ్గం గుంటలో చల్లదనం

అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. రోహిణి కార్తె అయిపోవస్తోంది. పోచంపల్లిలో తన తల్లిగారింటి మగ్గం గుంటను పూడ్చేస్తున్నారని తెలిసి సావిత్రమ్మ నార్కట్‌పల్లిలో పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. ఈ ఒక్క యేడూ ఉంచమని అడగాలని ఆమె ఆశ.

తమ్ముడు దశరథ చలికాలంలో పోయాడు. మగ్గాన్ని చిన్నాయిన విప్పుకొని పోయాడు. నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట మాత్రం అర్రలో నోరు తెరుచుకొని మిగిలింది. దాని అంచున తట్టల నిండా ఎర్రమట్టి, గడ్డపారతో పక్కింటి గండయ్య.

"వచ్చినవా అక్కా? మీ తమ్ముడు దాచిన బీడీలు దొరికితే నాయే, ముందే చెప్తున్న" అన్నాడు.

సావిత్రమ్మ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. దశరథ భార్య వైపు తిరిగింది.

"గిప్పుడే ఎందుకే ఆండాళూ? జర ఆగరాదు."

"ఎట్ల ఆగుదు వదినె? వాన పడ్డంక పూడిస్తే మట్టి కుంగుతది. పోయినేడు గుంటల నీళ్ళూరి గోడ బీటిచ్చింది. బట్టలు కుట్టేటాయన కిరాయికొస్తనన్నడు. గాయన గుంటల మిషిని పెడ్తడా?" గుంట వైపు చూసి అంది, "నువ్వు మీ ఊరు పోతవు. దీన్ని రోజు చూసేది నేను."

అందులో తప్పుంటే సావిత్రమ్మ పోట్లాడేది.

చిన్నప్పుడు ఇలాంటి ఎండల్లోనే, వడగాలికి నూలు పెళుసెక్కి తెగుతుంటే, బాపు గుంటలో నీళ్ళు చల్లి అరుగు మీద కునుకు తీసేవాడు. అదను చూసి అక్కాతమ్ముళ్ళు లోపలికి జారేవాళ్ళు. బయట అరికాళ్ళు కాలిపోతుంటే ఇక్కడ తడిమట్టి వాసన, నడుం దాకా చల్లదనం. నెత్తి మీద పరుచుకున్న పడుగు దారాల సందుల్లోంచి వెలుతురు దశరథ మొహం మీద చారలు చారలుగా పడేది. వాడు ఆమె ఒళ్ళో నిద్రపోయేవాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా ఆమె కదిలేది కాదు. బాపు లేచి, "పోగు తెగిందో, ఇద్దరి వీపులు పగుల్తయి" అనేవాడు. ఎన్ని పోగులు తెగినా కొట్టింది లేదు.

"ఒక్కసారి దిగొస్త" అంది సావిత్రమ్మ.

దిగి కూర్చుంది. చల్లగానే ఉంది. పైన దారాలు లేవు, ఇంటి దూలాలు కనబడుతున్నాయి. చేయి దానంతటదే ఒళ్ళోకి పోయి, నిమరడానికి ఏమీ లేక అక్కడే ఆగింది.

గండయ్య తట్ట ఎత్తి పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు.

"మొగులైతాంది అక్కా, వానొచ్చేటట్టుంది. ఎక్కు" అన్నాడు మెల్లగా.

లేవబోతే మోకాళ్ళు రాలేదు. పూడ్చొద్దని చెప్పడానికి వచ్చిన ఆమెను ఆండాళే చేయిచ్చి పైకి లాగింది. ఆ చేతికి గాజుల్లేవు. సావిత్రమ్మకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

సాయంత్రానికి నేల సాపయింది. బయట చినుకులు మొదలయ్యాయి. ఆండాళు అక్కడే చాప పరిచి, "కూసో వదినె, రొట్టె తిను" అంది.

సావిత్రమ్మ కూర్చుంటూ, అలవాటుగా కాళ్ళు కిందికి వదలబోయింది. మడమలకు గట్టి నేల తగిలింది. కాళ్ళు మడుచుకుంది.