సున్నం పట్టని సమాధులు

చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని నేను ఎప్పుడూ నమ్మలేదు. విశ్వాసులు ప్రభువునందు నిద్రిస్తారు, కడవరి బూర మోగేదాకా లేవరు. సండే స్కూల్లో ముప్పై ఏళ్ళు పిల్లలకు నేను నేర్పింది ఇదే. ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే వెళ్ళి ప్రార్థన చేసి, జ్వరం మాత్ర ఇచ్చి వచ్చేదాన్ని.

ఇప్పటికీ దీన్ని దయ్యం కథ అనడానికి నాకు నోరు రాదు. మా సంఘంలో ఆదివారం ఆరాధన తర్వాత లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. నేను ఎన్నోసార్లు చెప్పాను. ఇది మాత్రం చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె. నేను బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. సంఘ పెద్దల్లో ఒకదాన్ని. నా తమ్ముడు జయకర్ వాతావరణ శాస్త్రవేత్త. పెళ్ళి చేసుకోలేదు. దక్షిణ ధ్రువం వైపు మంచు ఖండంలో మన దేశపు పరిశోధన కేంద్రంలో ఒక చలికాలమంతా ఉండి వచ్చాడు. రోజూ ఒక పెద్ద బెలూనుకు చిన్న పెట్టె కట్టి ఆకాశంలోకి వదలడం, పైన గాలి ఎంత చల్లగా ఉందో, ఎటు వీస్తుందో ఆ పెట్టె పంపే అంకెలు రాసుకోవడం అతని పని.

తిరిగొచ్చాక నాకొక ఫోటో చూపించాడు. మంచులో పాతిన ఇనుప స్తంభం. ఒక పక్కంతా తెల్లటి మంచు ముళ్ళు, రెండో పక్క నున్నగా ఉంది.

"గాలి ఎటునుంచి వస్తే ముళ్ళు అటే పెరుగుతాయక్కా. వాటిని చూస్తే చాలు, ఏ పక్కనుంచి వస్తా ఉండాదో చెప్పేయొచ్చు" అన్నాడు.

అక్కడి మంచు కరిగితే ఇక్కడ మన సముద్రం లేస్తుందని చెప్పేవాడు. మన ఒడ్డు కోసుకుపోవడానికి అదొక్కటే కారణం కాదని, ఇసుక కదలిక కూడా ఉందని, ఏది ఎంతో కొలిస్తేగాని తెలియదని కూడా అతనే చెప్పేవాడు. మా సమాధుల తోట సముద్రం పక్కనే. అమ్మ సమాధి సముద్రం వైపునుంచి రెండో వరుసలో ఉంది. జయకర్ నాకొక స్టీలు టేపు, ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ తలరాయి నుంచి, పోటు నీళ్ళు వదిలిపోయిన చెత్త గీత దాకా కొలిచి రాయమన్నాడు. మా వరండాలో గోడకు ఒక థర్మామీటరు కూడా తగిలించి వెళ్ళాడు.

మొదటి నెల నలభై ఒక్క మీటర్లు వచ్చింది. తర్వాత నలభై. ఆరు నెలలకు ముప్పై ఎనిమిది. తగ్గిన ప్రతిసారీ నాకు గుండెల్లో దిగులు పట్టుకునేది. సముద్రానికి దేవుడే హద్దు పెట్టాడని చిన్నప్పటినుంచీ చదివినదాన్ని. టేపు పట్టుకుని ఆయన మాటను సరిచూస్తున్నట్టు అనిపించేది.

ఏడో నెల మొదటి ఆదివారం వాన పడింది. వెళ్ళలేదు. పుస్తకంలో ముప్పై ఎనిమిది అని రాశాను. మరుసటి నెల వాన లేదు. అయినా వెళ్ళలేదు. మళ్ళీ ముప్పై ఎనిమిది రాశాను. ఆ పైన అలవాటైపోయింది.

రెండేళ్ళ తర్వాత జయకర్ జబ్బుతో ఇంటికి వచ్చాడు. అప్పటికే కాలేయం పాడైపోయింది. మంచం మీద కూర్చుని పుస్తకం తిరగేసి, నవ్వాడు.

"ఏందక్కా, సముద్రం నీకు బాగా భయపడినట్టుండాదే. బడి పిల్లకాయల మాదిరి గీత దాటలేదు."

నేను తల దించుకుని అతని దుప్పటి సర్దాను. అతని నవ్వు ఆగిపోయింది.

"కొలత కూడా సాక్ష్యమేక్కా. చూడంది రాస్తే ఏమంటారో నువ్వే గదా మాకు నేర్పించింది."

అబద్ధ సాక్ష్యం. పలకాబలపంతో నేను వాడికి నేర్పిన పది ఆజ్ఞల్లో అది తొమ్మిదోది. ఇకమీద వెళ్ళి కొలుస్తానని మాటిచ్చాను. వెళ్ళలేదు, ముప్పై ఎనిమిదే రాస్తూ పోయాను. పోవడానికి నాలుగు రోజుల ముందు నన్ను దగ్గరికి పిలిచాడు.

"నన్ను అమ్మ పక్కనే పెట్టక్కా. అయితే ముందు అమ్మను అక్కడినుంచి జరుపు."

నేను అతన్ని అమ్మ పక్కన పెట్టాను. అమ్మను జరపలేదు.

తోటను రోడ్డు అవతలికి మార్చమని జయకర్ మా పాస్టరు గారిని కూడా అడిగాడట. సమాధి కార్యక్రమం అయిన నెలకు ఆయన సంఘ పెద్దలను కూర్చోబెట్టి ఆ విషయం ఎత్తారు. నిద్రిస్తున్న పరిశుద్ధులను తవ్వి తీయడం అవిశ్వాసమని నేను అన్నాను. ఆయన సందేహిస్తుంటే సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. రెండేళ్ళకు పైగా సముద్రం కదల్లేదని, ఇది మా తమ్ముడు పెట్టించిన లెక్కేనని చెప్పాను. పుస్తకం చేతులు మారింది. అందరూ ఆమేన్ అన్నారు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన ఈస్టరుకు జరిగింది ఇది.

ఈస్టరు ముందు శనివారం సమాధులకు సున్నం కొట్టడం మా ఆచారం. ఆ ఏడు ముందుగా వెళ్ళింది నేనూ దానమ్మా. దానమ్మ మా సంఘస్థురాలే, మైపాడు నుంచి చేపలు తెచ్చి నెల్లూరులో అమ్ముతుంది. ఉదయం ఏడు దాటింది, ఎండ బాగా వచ్చింది. బయల్దేరే ముందు చూస్తే వరండాలో థర్మామీటరు ఇరవై ఎనిమిది డిగ్రీలు చూపింది.

తోటలోకి అడుగుపెట్టగానే సముద్రం వైపు వరుసలు తెల్లగా కనిపించాయి.

"ఎవురో మనకంటే ముందే కొట్టేసినారే" అని దానమ్మ బకెట్టు కింద పెట్టింది. అమ్మ తలరాయి మీద చెయ్యి వేసి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఇది సున్నం కాదక్కా. ఐసు. నా చేపల పెట్టెలో ఐసు నాకు తెలీదా?"

నేను తాకాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. రాయికి తూర్పు ముఖం నిండా సన్నటి తెల్లటి ముళ్ళు, అన్నీ సముద్రం వైపు చూస్తున్నాయి. వెనకవైపు రాయి నున్నగా, పొడిగా ఉంది. పక్కన జయకర్ సమాధి కూడా అలాగే ఉంది. నేను నడుచుకుంటూ లెక్కపెట్టాను. మొదటి మూడు వరుసలు పూర్తిగా, నాలుగో వరుసలో సగం. మొత్తం ఇరవై మూడు. మా పాత హెడ్‌మాస్టరు సమాధి దగ్గర మంచు ఆగిపోయింది. ఆయన రాయి ఎండకు వెచ్చగా ఉంది.

ఫోటోలోని స్తంభం నాకు అప్పుడే గుర్తొచ్చింది. గుర్తు రాలేదని చెప్పుకోలేను.

నేను చేసిన పని ఇది. బకెట్లో కుంచె ముంచి, అమ్మ సమాధి మీద మంచుపైనే సున్నం వేశాను. తర్వాత జయకర్ సమాధి మీద. రాత్రి కురిసిన తేమ అది, ఆలస్యమైతే జనం వచ్చేస్తారు అన్నాను. దానమ్మ కదలకుండా నన్నే చూసింది.

"సంఘంలో చెప్పబాకు" అన్నాను.

"నేను చెప్పనులే. చెప్పాల్సింది నువ్వు గదా" అని ఆమె కూడా కుంచె అందుకుంది.

మరునాడు పునరుత్థాన ఆదివారం తెల్లవారి ఆరాధనకు కొవ్వొత్తులతో వచ్చినవాళ్ళందరూ చూశారు. ఆ ఇరవై మూడు సమాధుల సున్నం పెచ్చులు పెచ్చులుగా కింద రాలిపోయి ఉంది. మిగతావాటి మీద చక్కగా పట్టింది. ఈ ఏడు సున్నం నాసిరకమని ఎవరో అన్నారు. అంతా ఒకే బకెట్టులోది.

ఆ వానాకాలం వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎవరమూ తోట వైపు పోలేకపోయాం. నాలుగో రోజు పొద్దున వెళ్తే నేల నిలువునా తెగి ఉంది. కింద నీళ్ళు. హెడ్‌మాస్టరు సమాధి తెగిన అంచుకు మూరెడు దూరంలో నిలిచి ఉంది. దానికి ఇవతలివి ఒక్కటీ పోలేదు. అవతలివి ఒక్కటీ మిగల్లేదు. పాస్టరు గారు రిజిస్టరు తెచ్చి పేర్లు చదివారు. ఇరవై మూడు.

అమ్మ పేరు పదకొండోది. జయకర్ చివరిది.

పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు నన్ను ఏమీ అనలేదు. ముప్పై ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న సముద్రం మూడు రోజుల్లో ఎట్లా వచ్చిందో దేవునికే తెలుసని నన్నే ఓదార్చారు. అప్పటికి నిజంగా ఎంత దూరం మిగిలి ఉండేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియాల్సింది నాకొక్కదానికే.

సముద్రం తనలోని మృతులను ఆ కడవరి రోజున అప్పగిస్తుందని వాక్యంలో ఉంది. నేను దాన్ని నమ్ముతాను. అమ్మా తమ్ముడూ లేచి వచ్చినప్పుడు వాళ్ళ ముఖం ఎలా చూడాలో మాత్రం ఎంత ప్రార్థించినా నాకు తెలియడం లేదు.

జయకర్‌తో పనిచేసిన ఒకాయనకు ఫోన్ చేసి, మన ఒడ్డున ఏప్రిల్లో ఎండ వచ్చాక రాళ్ళ మీద మంచు పట్టే అవకాశం ఉందా అని అడిగాను. ఏ విధంగానూ లేదమ్మా అన్నారు. చచ్చినవాళ్ళు వచ్చి చెప్పారని నా విశ్వాసం ఒప్పుకోదు. దేవుడే చెప్పాడంటే, చెప్పినదాని మీద సున్నం పూసినదాన్ని నేను. ఈ రెండూ కాని మూడో సంగతి ఏదీ నాకు తోచడం లేదు.

ఇప్పుడు ప్రతి నెలా హెడ్‌మాస్టరు సమాధి నుంచి టేపు వేస్తున్నాను. దానమ్మ రెండో కొస పట్టుకుంటుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొన్న ఈస్టరు శనివారం అందరికంటే ముందు ఒక్కదాన్నే వెళ్ళాను. సున్నం బకెట్టు గేటు దగ్గరే పెట్టి, మిగిలిన ప్రతి రాయికీ తూర్పు వైపు అరచెయ్యి ఆనించి చూశాను. మొదటి వరుసనుంచి చివరి వరుసదాకా, ఏ ఒక్కటీ వదలకుండా.

అన్నీ వెచ్చగా, పొడిగా ఉన్నాయి.