అల్మరా తప్పేం లేదు

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. రేపు దాన్ని చెప్పాల్సిన వాళ్లకు చెప్పబోతున్నాను. ముందు మీకు చెబుతున్నాను. నోరు అలవాటు చేసుకోవడానికే అనుకోండి.

నాది గోదావరిఖనిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం. కొత్తగా తెరిచిన రోజుల్లో మా వీధి సరోజనక్క ఒక పని తెచ్చింది. ఆమె జాకెట్ల మీద మిషన్‌తో ఎంబ్రాయిడరీ వేస్తుంది. డిజైన్లు కొనదు, కంప్యూటర్‌లో తనే గీస్తుంది. బతుకమ్మకు తంగేడు పూల అంచు కావాలంటే ఆడవాళ్లు ఆమె ఇంటికే వెళ్లేవారు. భర్త మల్లేశ్ బావ బొగ్గు బాయిలో పనిచేస్తాడు. నా దుకాణం గురించి షిఫ్టులో అందరికీ చెప్పి పెట్టింది ఆయనే.

పని ఇదీ. ఆమె డిజైన్ల సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. కొత్త కంప్యూటర్ కొన్నారు. అందులోని కొత్త డిస్కులో ఆ పాత విండోస్ ఎక్కించాలి. డిజైన్లున్న పాత డిస్కునూ అందులోనే బిగించాలి. చిక్కేమిటంటే, ఆ విండోస్ వచ్చిన కాలానికి ఇలాంటి డిస్కులు లేవు. ఎక్కించబోతే దానికి పాత డిస్కు ఒక్కటే కనిపిస్తుంది. కొత్తదాన్ని గుర్తుపట్టే డ్రైవర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో కలిపి పెట్టాలి. అది ఒక పట్టాన కుదరలేదు. చివరికి తెర మీద రెండు డిస్కులూ కనిపించాయి. ఆనందం పట్టలేక ఈల వేశాను. ఆ ఈలే కొంప ముంచింది. రెండింటి సైజూ ఒకటే. చెయ్యి అలవాటుగా పై వరుస మీదికి పోయింది. డిలీట్ నొక్కి, విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో తెలిసింది, పై వరుసలోది పాత డిస్కని.

ఇంతవరకు పొరపాటు. అక్కడే ఆపి నిజం చెప్పి ఉంటే కొన్ని డిజైన్లయినా వెనక్కి వచ్చేవేమో. ఆపలేదు. ఎందుకు ఆపలేదు? ఖనిలో ఒక మాట పుడితే షిఫ్టు మారేలోగా అన్ని కాలనీలూ తిరిగొస్తుంది. ఆ డిస్కు ఇంకో మెకానిక్ చేతిలో పడితే నా నిర్వాకం బయటపడుతుందని, దాన్ని మొదటి నుంచి చివరిదాకా తుడిచేశాను, ఇక ఎవరూ ఏమీ తీయలేనట్టు. అప్పుడు నా చెయ్యి వణకలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు.

"అక్కా, పాత డిస్కు ఖరాబైంది. బ్లాస్టింగ్‌కు అదిరి అదిరి పోయినట్టుంది," అన్నాను.

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా ఇళ్లలో గిన్నెలు కదులుతాయి. గోడ పగిలినా బ్లాస్టింగే, పాలు విరిగినా బ్లాస్టింగే. ఎవరికీ తగలని అబద్ధం అనుకున్నాను. కానీ అక్క భర్త వైపు తిరిగింది.

"గోడకు కొట్టిన అల్మరా మీద కంప్యూటర్ పెట్టకుమంటే ఇన్నవా? గోడ అదిరితే అది అదరదా? నా కష్టమంత పాయె!"

బావ తల దించుకున్నాడు. "మాటిమాటికి వంగితె నీకు నడుం నొస్తదని పైన పెట్టిన. నాదే తప్పు," అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "తమ్మీ, ఇగ ఏం చెయ్యరాదా?"

"ఏం రాదు బావా."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఖరాబైన డిస్కు మీకెందుకని దాన్ని నా సొరుగులో దాచుకున్నాను కూడా.

బావ ఆ ఆదివారమే అల్మరా పీకేశాడు. గోడకు మేకుల రంధ్రాలు ఇంకా ఉన్నాయి. వాళ్లింట్లో చాయ్ తాగుతుంటే నా కళ్లు అటే పోతాయి. అక్క మళ్లీ గీయలేదు, దొరికే డిజైన్లు కొని వేస్తోంది. ఇంట్లో ఏ పని చెడినా, "నువ్వు అల్మరా కొట్టినట్టే ఉన్నది" అని ఆయన్ను ఎత్తిపొడుస్తుంది. ఆయన నవ్వుతాడు. ఎన్నోసార్లు నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను? సిగ్గుగా ఉంది, అయినా నిజం, నవ్వాను.

అప్పటి నుంచి ఎవరి కంప్యూటర్‌లో విండోస్ ఎక్కించినా, మిగతా డిస్కుల వైర్లన్నీ ముందే పీకేస్తాను. ఎంత జాగ్రత్త మనిషివయ్యా అంటారు. ఆ మెప్పు నాకు చెంపదెబ్బలా తగులుతుంది.

అక్క మళ్లీ కొత్త కంప్యూటర్ కొన్నది. రేపు వాళ్లింటికే పోయి అదే పాత విండోస్ ఎక్కించాలి, అవే డ్రైవర్లు కలపాలి. వైర్లు పీకడం చూసి ఆమె ఎందుకని అడుగుతుంది. జాగ్రత్త కోసమని ఈసారి అనను. సొరుగులోని డిస్కు ఇప్పుడే సంచిలో పెట్టాను. అక్క తిడుతుంది, బహుశా ఇక గడప తొక్కనివ్వదు. దుకాణం పేరు పోతే పోనీ. క్షమిస్తారా అని ఆలోచించడం మానేశాను, అది వాళ్ల ఇష్టం. ఇంతమాత్రం రాసేసరికే గొంతు కొంచెం వదులైంది.

మల్లేశ్ బావ ఆ రోజు "నాదే తప్పు" అన్నాడు. ఆ మాట నేను అనాల్సింది. రేపు ఆ గోడ ముందే నిలబడి, అక్క వినేలా అంటాను.