వానగది గోడ

మా తాత పంజాగుట్టలో బంగళా కట్టించినప్పుడు బంధువులు అందులో రెండింటిని చూడటానికి పనిగట్టుకుని వచ్చేవారట. ఒకటి దివాన్‌ఖానాలోని నిలువుటద్దం, రెండోది స్నానాల గది. గుర్రాలు, బగ్గీ పోయిన కొన్నాళ్ళకు అద్దం కూడా పోయింది. బగ్గీ నిలిపే షెడ్డులో ఒక దర్జీ మిషను పెట్టుకుని అద్దెకుండేవాడు. స్నానాల గది మాత్రం గోడలో భాగం కనుక దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు.

తాత బొంబాయిలో ఎక్కడో తల మీద వానలా నీళ్ళు కురిపించే షవరు చూశాడు. వచ్చీ రాగానే అలాంటిదే పెట్టించాడు. మిద్దె మీద ఇనుప తొట్టి, గోడ లోపలినుంచి దిగే గొట్టం, తల మీద జల్లెడలాంటి ఇత్తడి మూతి. గోడకు నిలువెత్తున పచ్చని పింగాణీ పలకలు. ఒక పలక నుంచి ఇంకో పలకకు పాకుతూ పోయే తెల్లని తీగ. పిల్లలం దాన్ని వానగది అనేవాళ్ళం. మా కింద ఉన్న ఊళ్ళు చేజారిపోయిన తర్వాత కూడా నేను ప్రతి ఉదయం అక్కడే స్నానం చేసేవాణ్ణి. చెంబుతో పోసుకోవాలంటే వంగాలి. షవరు కింద మనిషి నిటారుగా నిలబడవచ్చు.

నాన్న, పెదనాన్న ఇల్లు పంచుకున్నప్పుడు గదులు తేలిగ్గానే తెగాయి, నీళ్ళు తెగలేదు. బావి పెదనాన్న వాటాలోకి పోయింది. తొట్టి ఉన్న మిద్దె మా వాటాలోకి వచ్చింది. వాళ్ళ పనిమనిషి పొద్దున్నే చేతిపంపు కొట్టి బావి నీళ్ళు మా మిద్దె మీదికి ఎక్కిస్తే, అవి వానగది గోడలో నుంచి దిగి కొన్ని మా షవరుకు, మిగిలినవి గోడ దాటి వాళ్ళ వంటింటి నల్లాకు పోయేవి. మధ్యవర్తులు ఇంతవరకు తీర్మానించి భోజనం చేసి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక పెదనాన్న గుమ్మంలో నిలబడి, పిలవకుండా తన గడప ఎవరూ తొక్కకూడదన్నాడు. పిలిచినా తొక్కనన్నాడు మా నాన్న. కొన్నేళ్ళకు నాన్న పోయాడు. పెదనాన్న మా ఇంటికి వచ్చాడు, దాయాదిగా చేయవలసినవన్నీ చేశాడు, మైల పట్టాడు, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళాడు. నాన్న ఇచ్చిన మాట నాకు ఆస్తితో పాటు వచ్చింది. ఆస్తి కరిగినా మాట కరగలేదు. కరగనివ్వలేదు కూడా.

యుద్ధం నడుస్తున్న రోజులు. ఎండాకాలం. ఒక పొద్దున అమీర్‌పేట నర్సమ్మ మా తలుపు తట్టింది. అక్కడి తెలుగు క్రైస్తవుల ఇంటి ఆడబిడ్డ. మా చుట్టుపక్కల పుట్టిన పిల్లల మొహాలు కన్నతల్లుల కంటే ముందు ఆమే చూసేది. అందుకని ఏ ఇంటి గడపా ఆమెకు అడ్డు వచ్చేది కాదు.

"చిన్నదొరా, మీ వాన మా మంచం మీద పడుతుంది," అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

మా పెదనాన్న కోడలికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల కనుక పుట్టింటికి పోకుండా అత్తింట్లోనే పురుడు. ఆమె భర్త, మా అన్న, ఔరంగాబాదులో నౌకరీలో ఉన్నాడు. పెద్దమ్మ ఎప్పుడో పోయింది. వానగది గోడకు అవతలివైపు ఉన్నది మా ఇంటి పురిటిగది. నాన్న, పెదనాన్న, నేను, అన్న, అందరం అక్కడే పుట్టాం. ఇప్పుడు ఆ గోడ చెమర్చడం కాదు, కారుతోందని, సున్నం ఉబ్బి పెళ్ళలుగా రాలుతోందని నర్సమ్మ చెప్పింది. హాల్లో మంచం వేద్దామంటే, ఈ ఇంటి బిడ్డ హాల్లో పుట్టడని పెదనాన్న అన్నాడట. నలుగురు నడిచే చోట కననని వదిన కూడా అన్నదట.

"తడిగోడ పక్కకు బాలింతను పండవెడితే ఏమైతదో నేను చూసిన," అంది నర్సమ్మ. "జలుబుతోని మొదలైతది, ఏడికి పోతదో చెప్పలేం. నీళ్ళు బందు చేద్దమంటే కాన్పుకు నీళ్ళెట్ల? నాకు గోడ ఎండాలె, నల్లాల నీళ్ళు సుత రావాలె. ఎట్ల చేసుకుంటరో మీ ఇష్టం. దినాలు దగ్గర పడ్డయి."

అమ్మ తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఆ మధ్యాహ్నం ఆమె భోజనం సరిగా చేయకపోవడం నేను చూశాను.

నేను వానగదిలోకి పోయి గోడకు చెవి ఆనించాను. మొదట ఏమీ వినిపించలేదు. చెవిని ఒక్కో పలక మీదికి జరుపుతూ పోయాను. షవరు పక్కన, నా భుజమంత ఎత్తులో, గోడ లోపల ఎవరో పళ్ళ సందున గాలి పీలుస్తున్నట్టు సన్నని చప్పుడు. అన్నాళ్ళుగా నేను హాయిగా స్నానం చేస్తున్న గోడ లోపల ఇంకో వాన కురుస్తోంది.

ఖైరతాబాద్ నుంచి నల్లా మిస్త్రీని పిలిపించాను. అతను పలకలను వేలితో తట్టి చూసి పెదవి విరిచాడు. ఇటునుంచి కొడితే పలకలు పగులుతాయి, అటునుంచి ఉత్త సున్నమే, గంటలో పని అన్నాడు. అటునుంచి వీలుకాదన్నాను. ఎందుకు కాదని అడిగాడు. కాదన్నాను. అయితే తనకు వేరే పనుందని వెళ్ళిపోయాడు. యుద్ధం పుణ్యమా అని ఊళ్ళో కొత్త గొట్టం ఒక్క మూర దొరికేది కాదు. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

మరునాడు పొద్దున తాత పనిముట్ల పెట్టె దించాను. పలకలు పగలగొడతానని అమ్మకు చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉండేలా చూసుకున్నాను. అమ్మ చాలాసేపు ఆ తెల్లని తీగ వైపు చూసింది.

"బిడ్డ కంటే ఎక్కువనా," అని, నా చేతికి తడిగుడ్డ ఇచ్చి అవతలికి పోయింది.

పలకల సందుల్లో సన్నని ఉలి పెట్టి, సున్నం గీకి, ఒకదాన్ని నెమ్మదిగా ఎత్తాను. అది పగలకుండా ఊడి నా చేతిలోకి వచ్చింది. ఇంకోటి. అది కూడా నిండుగా వచ్చింది. ఆ సంతోషం నేను ఇప్పటికీ చెప్పలేను. తాత కాలపు సున్నం నాకోసమే పట్టు వదులుతున్నట్టు అనిపించింది. గుడ్డ పరిచి, ఊడిన పలకలన్నీ ఊడిన వరసలోనే పేర్చాను. తర్వాత ఇటుకల మీద సుత్తి వేశాను.

సుత్తి వేసిన ప్రతిసారీ చప్పుడు రెండుసార్లు వినిపించింది. పాత ఇల్లు కదా, ప్రతిధ్వని అనుకున్నాను. చెమట తుడుచుకోవడానికి ఆగాను. ప్రతిధ్వని ఆగలేదు. మళ్ళీ కొట్టాను. అటువైపు ఆగింది, నేను ఆగాక మళ్ళీ మొదలైంది. ఆగకుండా కొట్టాను. అవతలి సుత్తి కూడా జోరందుకుంది. ఒక ఇటుక కదిలింది, ఊగింది, దానంతటదే అటువైపు జారిపోయింది. తూటులోంచి సున్నం దుమ్ము లేచింది. దుమ్ము వెనక ఒక కళ్ళద్దం, ఆ వెనక పెదనాన్న కన్ను కనిపించాయి.

ఇద్దరం సుత్తులు దించాం. అదే నిమిషంలో గొట్టం మీది సన్నటి ధార సూదిలా లేచి సరిగ్గా ఆ అద్దాన్ని కొట్టింది.

పెదనాన్న కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. తన పక్కన నిలబడ్డ నర్సమ్మ వైపు తిరిగాడు.

"నర్సమ్మా, ఆ దిక్కున పలకలు పగిలినయా అడుగు."

"అడిగేదేంది దొరా, మీ కండ్ల ముంగటనే ఉన్నడు కద."

"ఒక్కటి సుత పగలలేదని చెప్పు నర్సమ్మా," అన్నాను.

"పలకల దాక రావద్దనే నేను ఇటుకెల్లి మొదలువెట్టిన అని చెప్పు," అన్నాడు పెదనాన్న.

నర్సమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె జవాబు చెప్పకముందే లోపలినుంచి వదిన గొంతు వచ్చింది. "ఇద్దరు మగోళ్ళు ఒక్క తూటుకు ఆడొకలు ఈడొకలు నిలబడి నర్సమ్మను ఉత్తరాలు మోసే డాక్ జవాను చేసిండ్రు. ఏం మరిదీ, నా పెండ్లిల చూసిన నిన్ను. మీసాలొచ్చినయా?"

నాకు నవ్వు వచ్చింది. పెదనాన్న దగ్గాడు. ఆ దగ్గు నవ్వేనని నాకు ఇప్పటికీ నమ్మకం.

మా గొట్టం నుంచి వాళ్ళ గొట్టం చీలే చోట, రెంటినీ కలిపే మర దగ్గర కారుతోంది. మర విప్పాలంటే తొట్టి ఖాళీ కావాలి. నేను షవరు తిప్పి వదిలేశాను. నీళ్ళు నా తల మీద, చొక్కా మీద, పరిచిన పలకల మీద పడుతున్నాయి. నేను పక్కకు జరగలేదు. ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. అటువైపు పెదనాన్న పానా తీసి మర పట్టాడు. ఆయన పక్కన ఒక పీట మీద జనపనార, సఫేదా డబ్బా, నూనెగిన్నె సిద్ధంగా ఉన్నాయి. మరలు కారకుండా పూసే ఆ తెల్లని సఫేదా ఆ రోజుల్లో ఊళ్ళో ఎక్కడా దొరికేది కాదు. అది తాత కాలపు డబ్బా. దాన్ని నూనెతో రాత్రే నానబెట్టి ఉంటాడు. ఎన్నాళ్ళ నుంచి ఆలోచించి పెట్టుకున్నాడో.

ఆయన మర తిప్పితే నా వైపు గొట్టం కూడా తిరగసాగింది. పైనుంచి కిర్రుమన్న చప్పుడు వచ్చింది. నర్సమ్మ నోరు తెరిచేలోగా పెదనాన్న తూటులోకి చూస్తూ అన్నాడు:

"పట్టుకో."

నేను రెండో పానా వేసి నా బరువంతా దాని మీద మోపాను. "పట్టుకున్న."

"వదలకు. వదిలితే పైగొట్టం ఇరుగుతది."

"తెలుసు పెద్దనాయినా."

మర ఒక్కసారిగా లొంగింది. పెదనాన్న నార చుట్టాడు, సఫేదా పూశాడు, మళ్ళీ బిగించాడు. నేను పట్టాను, ఆయన తిప్పాడు. మా చేతులు తూటులో జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన వేళ్ళు అచ్చం నాన్న వేళ్ళలాగే ఉన్నాయి.

"మీకు మాటలొచ్చినయి కద, నేను పోవచ్చునా?" అంది నర్సమ్మ.

బావి దగ్గర పంపు మొదలైంది. తొట్టిలోకి నీళ్ళు దూకుతున్న చప్పుడు మిద్దె మీది నుంచి వినిపించింది. ఇద్దరం మర మీద కళ్ళు పెట్టి నిలబడ్డాం. గొట్టం చల్లబడింది. నీళ్ళు దిగుతున్నాయి. నేను వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. పెదనాన్న కూడా వేలు పెట్టి చూశాడు. నా వేలు ఆయనకు చాలలేదు. అప్పుడే వాళ్ళ వంటింట్లో నల్లా బుసకొట్టి పారింది. వదిన చప్పట్లు కొట్టింది.

గోడ లోపలిదాకా ఎండితే గాని తూటు మూయవద్దని నర్సమ్మ ఆజ్ఞ. అటు కుంపటి, ఇటు ఎండాకాలపు గాలి. కొన్ని రోజుల్లో ఇటుకలు ఎర్రగా, గలగలలాడేలా ఎండాయి. నొప్పులు మొదలైన రోజు తూటు ఇంకా తెరిచే ఉంది. అమ్మ వానగదిలో పొయ్యి పెట్టించింది. కాగిన నీళ్ళు చెంబుతో తూటులోంచి అందించింది. పాతబట్టలు అందించింది, శొంఠి అందించింది. ఊపిరి పట్టమని, వదలమని తూటులోంచే వదినకు చెప్పింది. నేను వసారాలో పచార్లు చేశాను. వసారాను రెండు వాటాలు చేసిన పిట్టగోడకు అవతల పెదనాన్న కూడా పచార్లు చేశాడు. చీకటి పడకముందే ఏడుపు వినిపించింది. మొదట తూటులోంచి, ఆ తర్వాత కిటికీలోంచి.

పెదనాన్న నా వైపు తిరగకుండానే అన్నాడు: "కొడుకు. పురుడు మీకు సుత ఉన్నది."

"ఉంటది కద. మా ఇంటి బిడ్డ."

పురుడు వెళ్ళే రోజు తెల్లవారేసరికి తూటు మూసి, పలకలు మళ్ళీ పెట్టి ఉన్నాయి. ఆ పని నేనే చేశాను. ఆ రోజు దాయాదులందరం తలస్నానం చేయాలి. నేను స్నానం ముగించి వసారాలోకి వచ్చాను. పెదనాన్న బావి దగ్గర బకెట్టు ముందు వంగుతున్నాడు. ఆయన నడుము అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లు పంచుకున్న రోజు జరిగిన మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఆయన గడప గురించి ఆయన అన్నాడు. దాని గురించే నాన్న అన్నాడు. మా గడప గురించి ఎవరూ ఏమీ అనలేదు.

"పెద్దనాయినా, తొట్టి నిండుగ ఉన్నది. వానగదిల తానం చేద్దురు రండ్రి," అన్నాను.

ఆయన బకెట్టు అక్కడే వదిలేశాడు. భుజాన తువ్వాలు వేసుకుని, పిట్టగోడ చుట్టూ నడిచి, మా ముందు గుమ్మంలోంచి పెద్దమనిషిలా వచ్చాడు. అమ్మ కొంగు సవరించుకుని పక్కకు జరిగింది. వానగది తలుపు మూసుకుంది. నీళ్ళు కురవడం మొదలైంది. నేను బయట సబ్బుగిన్నె పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత నీళ్ళ చప్పుడుకు మించిన గొంతుతో ఆయన పిలిచాడు.

"ఒరేయ్, ఈడ తీగ తలకిందులుగ పోతుంది. పలక ఉల్టా పెట్టినవ్."

ఆ పలక ఇప్పటికీ అలాగే ఉంది.